సవతి పేరు బొంబాయి

రాజమండ్రిలోని ఆ ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైనా, కరెంటు పోయినా, పక్కింటివాళ్లు చెత్త తెచ్చి గేటు ముందు పోసినా మాస్టారి నోట వచ్చే మాట ఒక్కటే.

‘‘ఆ రోజు నేను బొంబాయి వెళ్లిపోయుంటేనా...’’

వాక్యం ఎప్పుడూ అక్కడే ఆగిపోతుంది. వెళ్లిపోయుంటే ఏమయ్యేదో ఆయన చెప్పరు. భార్య కూడా అడగరు. పెళ్లయిన కొత్తలో ఒకటి రెండుసార్లు అడిగారు. తర్వాత అలవాటైపోయింది. కొందరు మొగుళ్లకు పేకాట, కొందరికి చుట్ట. ఈయనగారికి బొంబాయి. అంతే అనుకుని సర్దుకుపోయారు.

అసలు సంగతేమిటంటే, 1985లో మాస్టారికి ఇరవై రెండేళ్లు. అప్పుడే డిగ్రీ పూర్తయింది. బొంబాయి ఫోర్ట్ ప్రాంతంలో ఓ ఆఫీసులో గుమస్తా ఉద్యోగానికి రమ్మంటూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం వచ్చింది. వాళ్లమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ‘వెళ్తే వెళ్లు, నేను పోయాక తలకొరివి పెట్టడానికి మాత్రం రావద్దు’ అన్నారు నాన్న. కుర్రాడు ఆ ఉత్తరాన్ని మడిచి ట్రంకు పెట్టె అడుగున పెట్టేశాడు. బీఈడీ చేశాడు. లెక్కల మాస్టారై గోదావరి గట్టు దాటకుండా ముప్పై ఆరేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఉత్తరం మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది.

రిటైరైన నాలుగో నెలలో భార్యే తేల్చేశారు. ‘‘ఒకసారి వెళ్లి దాని మొహం చూసొద్దాం పదండి. ఇన్నేళ్లుగా సవతితో కాపురం చేస్తున్నాను. ఎలా ఉంటుందో నేనూ చూడొద్దా?’’

హైదరాబాద్‌లో ఉన్న కొడుకు కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసి, దాదర్‌లో లాడ్జి గది మాట్లాడిపెట్టాడు. మొత్తం నాలుగు రోజులు. బొంబాయి అంటే జేబుదొంగల ఊరని మాస్టారు సినిమాల్లో చూశారు కాబట్టి డబ్బును మూడు చోట్ల దాచారు. సూట్‌కేసుకు గొలుసు, గొలుసుకు తాళం. ఆవిడ మాత్రం పులిహోర, ఆవకాయ సీసా, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె సర్దుకున్నారు. సవతి అయినా సరే, ఉత్తి చేతులతో వెళ్తామా!

తొలిచూపులోనే...

రైలు తెల్లవారకముందే దించేసింది. ఆ వేళప్పుడు రాజమండ్రిలో కుక్కలు కూడా ఒళ్లు విరుచుకోవు. ఇక్కడ చూస్తే టీ కొట్ల దగ్గర మూడేసి వరసల్లో జనం. పేపర్ల కట్టలు, కూరగాయల బుట్టలు, డ్యూటీ దిగి ఇంటికెళ్లేవాళ్లు, డ్యూటీ ఎక్కడానికి వచ్చేవాళ్లు. ‘ఈ ఊరు ఇప్పుడు లేచిందా, ఇంకా పడుకోలేదా’ అని మాస్టారికి మొదటి సందేహం.

స్టేషన్ బయటికొచ్చి వెనక్కి తిరిగి చూశారు. అంతే, కథ అక్కడే మొదలైంది. దీపాల వెలుగులో ఆకాశంలోకి లేచిన గోపురం, రాతిలో చెక్కిన ఆకులు, నెమళ్లు, చూరుల కింద నుంచి తొంగిచూసే జంతువులు. గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఇంకోవైపు పులి. ఆ సింహం ఇంగ్లండు, పులి ఇండియా. 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టిన భవనం అది. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 1853 ఏప్రిల్ 16న దేశంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు ఠాణాకు బయల్దేరిన బోరీబందర్ కూడా ఇక్కడే.

మాస్టారు మెడ ఎత్తి పది నిమిషాలు అలాగే నిలబడిపోయారు. సామాను దగ్గర కాపలా ఉన్న ఆవిడకు విసుగొచ్చింది. ‘‘ఏమండీ, అది స్టేషనండీ. గుడి కాదు. ప్రదక్షిణం చేస్తారేంటి?’’

విక్టోరియా టెర్మినస్ 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయింది. 2017లో ‘మహారాజ్’ కూడా చేరింది. ఊరి పేరే 1995లో ముంబయిగా మారింది. అయినా మాస్టారికి అది వీటీ, ఇది బొంబాయి. ‘‘నాకు తెలిసినప్పుడు అదే పేరు. మధ్యలో మారిస్తే నేను మార్చుకోను’’ అన్నారు పట్టుదలగా.

‘‘నాకూ ఓ పేరుందండోయ్. పెళ్లయిన దగ్గర్నుంచీ ఏమే అనే పిలుస్తున్నారు’’ అన్నారావిడ.

టాక్సీ ఎక్కారు. మీటరు ఎంత చూపిస్తే అంతే తీసుకుని, మిగిలిన చిల్లర రూపాయితో సహా లెక్కపెట్టి చేతిలో పెట్టాడు డ్రైవరు. జీవితంలో ఆటోవాళ్లతో బేరమాడకుండా బండి దిగి ఎరగని మాస్టారు ఆ చిల్లరను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. జేబుదొంగల కోసం మూడు చోట్ల దాచిన డబ్బు ఆయన్ని చూసి నవ్వినట్టనిపించింది.

దిగలేదు, దించేశారు

ప్రేమన్నాక పరీక్ష ఉంటుంది కదా. ముంబయిలో ఆ పరీక్ష పేరు లోకల్ రైలు. రోజుకు అరవై లక్షలమందికి పైగా ఎక్కి దిగే రైళ్లవి. పొద్దున్న దాదర్ నుంచి వీటీకి వెళ్లడం బాగానే జరిగింది. పైగా ఓ వింత కూడా చూశారు. ముగ్గురు కూర్చునే బల్ల మీద అప్పటికే ముగ్గురున్నారు. తెల్లజుట్టు మనిషి నిలబడి ఉండటం చూసి ముగ్గురూ కాస్త కాస్త జరిగారు. అంచు మీద జానెడు చోటు వచ్చింది. దాన్ని ఇక్కడ ఫోర్త్ సీట్ అంటారు. సగం శరీరం బల్ల మీద, సగం గాల్లో. ‘మూడులో నాలుగు పోదు’ అని ముప్పై ఆరేళ్లు పిల్లలకు చెప్పిన మాస్టారు మూడులో నాలుగోవారై కూర్చున్నారు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో అసలు సినిమా కనిపించింది. దాదర్ వస్తోందనగా మాస్టారు పంచె ఎగ్గట్టి, ‘ఎలా దిగడం?’ అని ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచన పూర్తి కాలేదు. వెనకనుంచి ఓ అల లేచింది. ఆయన కాలు కదపలేదు, చెయ్యి కదపలేదు. కళ్లు తెరిచేసరికి ప్లాట్‌ఫారం మీదున్నారు. కళ్లజోడు ఉంది. సంచి ఉంది. ఎడమ కాలి చెప్పు మాత్రం లేదు.

రైలు కదిలింది. ‘పోనీలే, కొత్త చెప్పు’ అని మనసులో తిట్టుకుంటుండగా తలుపు దగ్గర వేలాడుతున్న గుంపులోంచి ఎవరిదో చెయ్యి బయటికొచ్చింది. చెప్పు గాల్లో గిరికీలు కొట్టుకుంటూ వచ్చి సరిగ్గా ఆయన కాళ్ల ముందు పడింది. విసిరినవాడి మొహం కనపడలేదు. రైలు వెళ్లిపోయింది.

మనవాళ్లు చూపులు కలిస్తే ప్రేమంటారు. మాస్టారి విషయంలో చెప్పు కలిసింది.

అదే రైల్లో లేడీస్ పెట్టె నుంచి ఆవిడ దిగారు. జుట్టు చెదరలేదు. చేతిలో కొత్త క్లిప్పుల అట్ట, మొహంలో చిన్న నవ్వు. లోపల ఓ నడివయసు మరాఠీ ఆవిడ ఒళ్లో సంచి పెట్టుకుని బఠానీలు వొలుస్తోందట. భాష రాదు. ఊరికే కూర్చోవడమెందుకని ఈవిడ కూడా ఓ గుప్పెడు తీసుకుని వొలవడం మొదలెట్టారట. దాదర్ వచ్చేసరికి సంచి పూర్తయింది. దిగేటప్పుడు నలుగురూ కలిసి దారిచ్చి, బ్యాగు అందించి మరీ పంపించారట.

‘‘ఎలా ఉంది మీ సవతి?’’ అడిగారు మాస్టారు చెప్పు తొడుక్కుంటూ.

‘‘పర్లేదు. పనిమంతురాలే’’ అన్నారావిడ.

కట్నంగా వచ్చిన ఊరు

రెండో రోజు గేట్‌వే ఆఫ్ ఇండియా. 1911లో అయిదో జార్జి చక్రవర్తి వచ్చిన గుర్తుగా కట్టడం మొదలుపెట్టి, 1924లో తెరిచిన ద్వారం. అక్కడినుంచే 1948 ఫిబ్రవరి 28న చివరి బ్రిటిష్ దళం ఓడెక్కి వెళ్లిపోయింది. ‘స్వాగతం చెప్పడానికి కట్టారు, వీడ్కోలుకు పనికొచ్చింది’ అని నవ్వుకున్నారు మాస్టారు.

ఆవిడకు నచ్చిన కథ మాత్రం వేరు. ఈ ఊరు ఒకప్పుడు ఏడు దీవులు. పోర్చుగీసువాళ్ల చేతిలో ఉండేది. 1661లో వాళ్ల రాకుమారి కేథరిన్‌కు ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్‌తో పెళ్లి కుదిరినప్పుడు బొంబాయిని కట్నంగా రాసిచ్చారు. ఏడేళ్లు తిరక్కుండానే రాజుగారు దాన్ని ఈస్టిండియా కంపెనీకి ఏడాదికి పది పౌన్ల అద్దెకు ఇచ్చేశాడు. తర్వాత సముద్రాన్ని పూడుస్తూ ఏడు దీవుల్నీ ఒక్కటి చేశారు.

‘‘కట్నంగా వచ్చిందాన్ని అద్దెకిచ్చేశాడా? మా నాన్నిచ్చిన సైకిల్ని మీరు తాకట్టు పెట్టినట్టు!’’ అని దెప్పారావిడ. అప్పటినుంచీ ఆవిడకు ఆ ఊరి మీద కోపం తగ్గి కాస్త జాలి మొదలైంది. మన ఆడపడుచే కదా అన్నట్టు.

తిండి దగ్గర ఇద్దరికీ రాజీ కుదరలేదు. దాదర్‌లో వడాపావ్ తిని మాస్టారు కళ్లు మూసుకున్నారు. ఆవిడ విప్పి చూసి, ‘‘ఏముందిందులో? బంగాళదుంప బజ్జీని బన్నులో పెట్టాడు. మధ్యలో వెల్లుల్లి కారం. దీనికింత మురిపెమా?’’ అని తేల్చేశారు. గుజరాతీ భోజనంలో పప్పు తియ్యగా ఉందని ఆవకాయ సీసా బయటికి తీశారు. కటింగ్ చాయ్ అంటే గ్లాసులో సగం టీ అని తెలిసి, ‘మిగతా సగానికి కూడా డబ్బులు తీసుకున్నాడేమో అడగండి’ అన్నారు.

ఆవిడ కూడా ఒక్కచోట ఓడిపోయారు. తెల్లవారుజామున దాదర్ పూల మార్కెట్. కడియపులంక పూల సంత పక్కన పుట్టి పెరిగినావిడ. పూల విషయంలో ఒక పట్టాన ఎవర్నీ మెచ్చుకోరు. ఫ్లైఓవర్ కింద గుట్టలుపోసిన బంతి, చామంతి, గులాబీల మధ్య ఆ జనంలో నిలబడి, ఓ గంపలోంచి బంతిపువ్వు తీసి వేళ్లతో నొక్కి చూశారు. ‘‘తాజాగానే ఉంది’’ అన్నారు. ఆవిడ నోట అది పెద్ద బిరుదే.

ఉత్తరంలోని చిరునామా

మూడో రోజు పొద్దున్న మాస్టారు ఒక్కరే బయల్దేరారు. ‘‘ఊరికే అలా తిరిగొస్తాను’’ అన్నారు. జేబులో ఆ పాత ఉత్తరం ఉందని ఆవిడకు తెలుసు. చొక్కా ఇస్త్రీ చేసినప్పుడే చూశారు. అయినా అడగలేదు.

ఫోర్ట్‌లో నలుగురిని అడిగి వీధి పట్టుకున్నారు. భవనం ఉంది. రాతి గోడలు, ఎత్తయిన కిటికీలు. బోర్డు మాత్రం వేరే. ఎదురుగా చెట్టుకింద నిలబడ్డారు. మూడో అంతస్తు కిటికీ ఒకటి తెరిచి ఉంది. అక్కడే కూర్చునేవాడినేమో. ఆ మెట్లే రోజూ ఎక్కేవాడినేమో. మధ్యాహ్నమైంది. తెల్ల టోపీలు పెట్టుకున్న డబ్బావాలాలు క్యారేజీలతో వచ్చారు. 1890 నుంచీ సాగుతున్న పని అది. మూతల మీద రంగు గుర్తులూ అంకెలూ చూసి ఎవరి అన్నం వాళ్లకు చేర్చేస్తారు. కరోనా తర్వాత వాళ్ల సంఖ్య బాగా తగ్గిందంటారు. ‘అందులో నా క్యారేజీ ఒకటి ఉండేది కదా’ అనుకునేసరికి మాస్టారికి గొంతులో ఏదో అడ్డుపడింది.

ఫోను తీసి భార్యకు చేశారు. ‘‘ఆఁ... దొరికిందే. లేదు, లోపలికి వెళ్లలేదు. వెళ్లి ఏం చెప్పను? నలభై ఏళ్లు ఆలస్యమైంది, డ్యూటీలో చేరతానననా?’’

పక్కనే టీ తాగుతున్న పెద్దాయన తల తిప్పాడు. ‘‘తెలుగోళ్లా సార్? ఏ ఊరు?’’

ఆయనది కరీంనగర్ వైపు. తండ్రి పద్మశాలి. మగ్గం వదిలి ఇక్కడి బట్టల మిల్లులో పనికి వచ్చాడు. ‘‘ఈ ఊరు కట్టిన కూలీలల్ల మనోళ్లు శానమంది సార్. కామాఠీపుర అన్న పేరే మన దిక్కునుంచి వచ్చిన కామాఠీల తోని వచ్చింది’’ అన్నాడు. 1982 జనవరిలో రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. చాలామందికి ఆ పని మళ్లీ దొరకలేదు. వాళ్ల నాన్నకూ దొరకలేదు. ఇంటి బరువు ఈయన మీద పడింది. ఈ వీధిలోనే ఓ ఆఫీసులో గుమస్తాగా చేరాడు. డోంబివలీలో ఒక గది ఇల్లు. ముప్పై ఆరేళ్ల సర్వీసు. నాలుగేళ్ల కిందట రిటైరయ్యాడు.

‘‘రోజూ పోను రాను ఎంతసేపు పట్టేదండీ?’’ అడిగారు మాస్టారు.

‘‘ఇంట్లకెళ్లి ఆఫీసు దాక లెక్కేస్తే మూడు గంటలు. అండ్ల కూసున్నది తక్కువ, నిలబడ్డదే ఎక్కువ.’’

లెక్కల మాస్టారి బుర్ర ఊరుకుంటుందా! రోజుకు మూడు గంటలు. ఏడాదికి మూడు వందల రోజులు. ముప్పై ఆరేళ్లు. ముప్పై రెండు వేల నాలుగు వందల గంటలు. అంటే 1350 రోజులు. మూడేళ్ల ఎనిమిది నెలలు రాత్రీ పగలూ రైల్లోనే.

పెద్దాయన ఆ లెక్క విని నవ్వాడు. ‘‘అండ్ల ఒక రాత్రి కలపాలె సార్’’ అన్నాడు. 2005 జులై 26. శాంతాక్రజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడిన రోజు. రైళ్లు ఆగిపోయాయి. నడుములోతు నీళ్లలో పట్టాల పక్కనే నడిచాడు. దారి పొడవునా ఎవరెవరో తలుపులు తెరిచి టీలు, బిస్కెట్లు ఇచ్చారు. ఒకావిడ తన భర్త పొడి చొక్కా ఇచ్చింది. మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. ‘‘ఆ అంగీ వాపసియ్యనీకి ఇల్లు మళ్ల దొరకలే. ఇంకా నా దగ్గర్నే ఉన్నది.’’

‘‘మరి ఇప్పుడు రిటైరయ్యారుగా, ఇంత దూరం ఎందుకొచ్చారు?’’

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి, కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. ‘‘సర్వీసుల ఉన్నన్ని దినాలు ఒకటే ఆశ సార్. ఊరికి పోయి చెరువుకట్ట మీద కూసోవాలె అని. రిటైరైనంక పోయిన. పదిహేను దినాలు ఉన్న. నిద్ర పట్టలే. రైలు సప్పుడు లేదు. వాపసొచ్చిన. ఇప్పుడు వారానికోసారి ఊకెనే ఇట్ల ఆఫీసు దాక వచ్చి, చాయ్ తాగి పోత.’’

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఆ భవనంలో పనిచెయ్యలేకపోయానని ఒకాయన, చెరువుకట్ట మీద కూర్చోలేకపోయానని ఇంకొకాయన. మాస్టారు జేబు తడుముకున్నారు గానీ ఉత్తరం బయటికి తియ్యలేదు. టీ డబ్బులు మాత్రం తనే ఇచ్చారు.

గోదావరి ఎందుకు ఇటు రాలేదు?

ఆఖరి సాయంత్రం మెరీన్ డ్రైవ్. విల్లులా వంగిన తీరం, ఒడ్డున నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మలు, గట్టు మీద ఊరికి వీపు తిప్పి, సముద్రానికి మొహం పెట్టి కూర్చున్న వేలమంది. కుర్ర జంటలు, ఆఫీసు బ్యాగులతో ఒంటరిగా కూర్చున్నవాళ్లు, చేతికర్రల ముసలివాళ్లు. ఎవరూ ఎవర్నీ చూడటం లేదు. మాస్టారు, ఆవిడ కూడా ఓ జానెడు చోటు చూసుకుని కూర్చున్నారు. ఇదీ ఫోర్త్ సీటే.

నాలుగు రోజుల్లో ఆ ఊరి లోపాలూ కనిపించకపోలేదు. లాడ్జి గదిలో సూట్‌కేసు తెరవాలంటే ఒకరు మంచమెక్కాలి. రాత్రి ఫుట్‌పాత్ మీద పసిపిల్లల్ని పొదువుకుని పడుకున్న తల్లుల్ని దాటుకుంటూ నడవాల్సి వచ్చింది. ఆ రాత్రి మాస్టారికి వడాపావ్ సహించలేదు. అయినా మనసు దారి మనసుదే.

సూర్యుడు నీళ్లలోకి దిగుతున్నాడు. మాస్టారు ముందురోజు లెక్కంతా చెప్పారు. ఆవిడ విన్నారు. కాసేపాగి, ‘‘మన గోదావరి పుట్టిన త్రయంబకం ఈ దగ్గర్లోదేనటగా?’’ అన్నారు.

‘‘అవును. ఈ సముద్రానికి ఎనభై కిలోమీటర్లే.’’

‘‘ఇంత దగ్గర్లో పుట్టి దీన్లో కలవకుండా అంత దూరం మన దాకా ఎందుకొచ్చినట్టో?’’

‘‘1465 కిలోమీటర్లు. పడమటి కనుమలకు అవతల పుట్టింది కదా. అక్కడ నేల వాలు తూర్పుకుంది. నీరు పల్లమెరుగు.’’

‘‘మీదీ అంతే. వాలు మన వైపుంది’’ అన్నారావిడ సముద్రం వైపు చూస్తూనే. ‘‘అందులో తప్పెవరిది?’’

మాస్టారు జవాబు చెప్పలేదు. మొదటిసారి ఆవిణ్ని పేరు పెట్టి పిలిచి, ‘‘చలిగాలి కొడుతోంది, కొంగు కప్పుకో’’ అన్నారు. ఒడ్డు పొడవునా దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. చూసిన ప్రతివాళ్లూ రాణిగారి నెక్లెసంటారు దాన్ని. ‘‘ఇది మాత్రం బావుంది’’ అన్నారావిడ.

తిరుగు ప్రయాణంలో రైలు కదిలేటప్పుడు మాస్టారు తలుపు దగ్గర నిలబడి వీటీ కనపడకుండా పోయేదాకా చూశారు. పక్కనే ఆవిడ కూడా నిలబడ్డారు. సంచిలో దాదర్ చామంతి నారు ఉంది. దాన్ని ఎప్పుడు, ఎవరితో బేరమాడి కొన్నారో ఆయనకు తెలీదు.

ఇంటికొచ్చిన వారం రోజులకు కూరలో మళ్లీ ఉప్పు ఎక్కువైంది. ముద్ద నోట్లో పెట్టుకున్న మాస్టారు అలవాటు కొద్దీ మొదలెట్టారు.

‘‘ఆ రోజు నేను బొంబాయి వెళ్లిపోయుంటేనా...’’

‘‘మూడేళ్ల ఎనిమిది నెలలు నిలబడుండేవారు. కాస్త మజ్జిగ పోసుకుని, కూర్చుని తినండి’’ అన్నారావిడ.